మన పిల్లలు బడి సర్వేలో ఏం రాశారు?

కిందటి ఎపిసోడ్ ట్యాక్స్ ఫైలింగ్ మీద చేశాం కదా. దానికి బోలెడు ప్రశ్నలొచ్చాయి, వాటి సంగతి ఇంకో రోజు చూద్దాం. ఇవాళ బడి గురించి.

చలికాలం సగం దాటాక మీలో చాలామందికి స్కూల్ నుంచి ఒక మెయిల్ వస్తుంది. పైన "స్కూల్ క్లైమేట్ సర్వే" అని ఉంటుంది. నిజం చెప్పాలంటే, మొదటిసారి చూసినప్పుడు అది వాతావరణం గురించేమో అనుకున్నా నేను. ఎండలు, వానలు, గ్లోబల్ వార్మింగ్, ఏదో సైన్స్ ప్రాజెక్టు అని డిలీట్ కొట్టేశా. తర్వాతి వారం కారులో మా అమ్మాయి చెప్పింది: "డాడీ, ఇవాళ స్కూల్లో సర్వే ఇచ్చారు. నీకు కష్టంగా ఉంటే చెప్పుకోడానికి ఈ బిల్డింగ్‌లో ఒక పెద్దవాళ్లయినా ఉన్నారా అని అడిగారు." నువ్వేం పెట్టావమ్మా అన్నాను. "అది ప్రైవేట్" అంది. అని కిటికీ వైపు తిరిగింది.

నేను చదువుకున్న బడిలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. డీఈఓ గారు ఇన్‌స్పెక్షన్‌కి వస్తున్నారంటే బాగా చదివే ముగ్గుర్ని ముందు బెంచీలో కూర్చోబెట్టేవాళ్లు, మిగతావాళ్లం నోరు మూసుకుని కూర్చునేవాళ్లం. ఆ తర్వాత ఇంటర్ హాస్టల్. అక్కడ మనసులో మాట చెప్పుకునే చోటు బాత్‌రూమ్ గోడ ఒక్కటే. కాబట్టి పిల్లల్ని అడిగి బడిని ఎలా బాగుచేయాలో తేల్చుకోవడం అనే ఆలోచనే మనలో చాలామందికి వింతగా ఉంటుంది. వాళ్లకేం తెలుసండీ, హోంవర్క్ వద్దంటారు, పిజ్జా కావాలంటారు, అంతే కదా అనిపిస్తుంది.

వాళ్లకి తెలుసు. గేట్స్ ఫౌండేషన్ డబ్బుతో 2009లో మొదలైన ఒక పెద్ద పరిశోధన ఉంది. దాదాపు 3,000 మంది టీచర్లు అందులో పాల్గొన్నారు. హార్వర్డ్‌లో పనిచేసిన రొనాల్డ్ ఫెర్గుసన్ తయారుచేసిన ప్రశ్నాపత్రాన్ని ఆ క్లాసుల్లో పిల్లలకిచ్చారు. మీ టీచర్ మంచివారా, నీకు ఇష్టమా అని కాదు అడిగింది. ఈ క్లాసులో టైమ్ వృథా అవుతోందా? నువ్వు చేసిన తప్పు సరిదిద్దుకోవడం నేర్పుతున్నారా? అర్థం కాకపోతే ఇంకో రకంగా చెబుతున్నారా? ఇలాంటివి. పిల్లలు బాగుందన్న క్లాసుల్లోనే పిల్లలు ఎక్కువ నేర్చుకుంటున్నారని తేలింది. రోజుకి ఏడు గంటలు అక్కడ కూర్చునేది వాళ్లే కదండీ. ఇన్‌స్పెక్టర్ చూసేది ఒక పీరియడ్, వాళ్లు చూసేది నూట ఎనభై రోజులు.

ఇల్లినాయిలో ఉన్న మనవాళ్లకి, నేపర్‌విల్, అరోరా, షాంబర్గ్ శ్రోతలకి, ఇది ఇంకా బాగా తెలిసి ఉండాలి. షికాగో యూనివర్సిటీ వాళ్లు దశాబ్దాల పాటు షికాగో బడుల్ని గమనించి, బడి బాగుపడటానికి ఐదు విషయాలు ముఖ్యమన్నారు. ప్రిన్సిపాల్ నాయకత్వం, కలిసి పనిచేసే టీచర్లు, కుటుంబాల భాగస్వామ్యం, పిల్లలకి అండగా ఉండే వాతావరణం, గట్టి బోధన. ఈ ఐదింటిలో కనీసం మూడింట బలంగా ఉన్న బడులు పిల్లల చదువు మెరుగుపరిచే అవకాశం వీటిలో బలహీనంగా ఉన్న బడులకన్నా పది రెట్లు ఎక్కువని వాళ్ల లెక్క. దాన్నే "ఫైవ్ ఎసెన్షియల్స్" సర్వే అంటారు. ఇల్లినాయి రాష్ట్రమంతటా నాలుగో తరగతి నుంచి పైకి పిల్లలు, టీచర్లు నింపుతారు. తల్లిదండ్రుల సర్వే కూడా ఉంది. కానీ కనీసం 20 శాతం మంది నింపితేనే దానికి రిపోర్టు వస్తుంది. మీ బడి పేజీలో ఆ గడి ఖాళీగా కనపడితే, ఎందుకు ఖాళీగా ఉందో నేను చెప్పక్కర్లేదు. నాలాంటివాళ్లు డిలీట్ కొట్టడం వల్ల.

సరే, ఇప్పుడు అసలు కథకి వస్తా. మా న్యూజెర్సీ కథ. మేముండే చోటికి అరగంట దూరం.

రూట్ 1 మీద ప్రిన్స్‌టన్ దగ్గరికి వస్తే వెస్ట్ విండ్సర్, ప్లెయిన్స్‌బరో అని పక్కపక్కనే రెండు ఊళ్లు. రెండింటికీ కలిపి ఒకటే స్కూల్ డిస్ట్రిక్ట్. ప్రిన్స్‌టన్ జంక్షన్ స్టేషన్ ఉన్నది వెస్ట్ విండ్సర్‌లోనే, పొద్దున్నే న్యూయార్క్ రైలెక్కే మనవాళ్లకి బాగా తెలిసిన చోటు. అక్కడ ఇల్లు కొన్నవాళ్లని ఎందుకు కొన్నారని అడగండి. వంటగది చూసి కొనలేదు, బడి చూసి కొన్నారు. 2015లో ఆ డిస్ట్రిక్ట్‌లో సుమారు 9,700 మంది పిల్లలు. అందులో 65 శాతం ఆసియన్ అమెరికన్లు. 2007లో అది 44 శాతం. చైనా, ఇండియా, కొరియా నుంచి వచ్చిన కుటుంబాలు.

ఆ ఏడాది అక్కడి సూపరింటెండెంట్ డేవిడ్ ఆడర్‌హోల్డ్ తల్లిదండ్రులకి 16 పేజీల ఉత్తరం రాశారు. మన పిల్లలు సంక్షోభంలో ఉన్నారు అని. అంతకుముందు విద్యా సంవత్సరంలో 120 మంది మిడిల్, హైస్కూల్ పిల్లల్ని మానసిక ఆరోగ్య పరీక్షకి పంపాల్సి వచ్చింది. 40 మంది ఆసుపత్రిలో చేరారు. ఇవి ఆఫీసు రికార్డులో ఉన్న అంకెలు. వీటికి తోడు డిస్ట్రిక్ట్ పిల్లలకి ఒక సర్వే ఇచ్చింది. బడికి వెళ్లడమంటే అసహ్యమని అందులో రాసిన పిల్లలున్నారు. పన్నెండేళ్లు ఈ డిస్ట్రిక్ట్‌లో చదివి నేను నేర్చుకున్నది ఒక్కటే, అన్నిటికన్నా విలువైనది మార్కు, ఒక్క పాయింటైనా సరే, అన్న అర్థంలో ఒకరు రాశారు. 2015 డిసెంబర్‌లో న్యూయార్క్ టైమ్స్ దీని మీద పెద్ద కథనం వేసింది. అప్పుడు దేశమంతా చదివింది.

ఈ దేశంలో పేరున్న బడి అది. ఆ ఊళ్లో ఇల్లు కొనడానికి మనం ముప్పై ఏళ్ల అప్పు చేస్తాం. ఆ బడిలో కూర్చుని ఆ పిల్లలు రాసిన మాటలివి.

ఉత్తరం తర్వాత ప్లాన్ వచ్చింది. హైస్కూల్లో మిడ్‌టర్మ్, ఫైనల్ పరీక్షలు తీసేయడం. కొన్ని రాత్రులు హోంవర్క్ ఉండకూడదు. నాలుగో తరగతిలో మొదలయ్యే అడ్వాన్స్‌డ్ మ్యాథ్స్ ఇకమీదట ఆరో తరగతిలో మొదలు. బాగా రాకపోయినా సంగీతం క్లాసులో చేరొచ్చు అని, "కీచుమనే హక్కు" అన్న పేరుతో ఇంకొకటి. వయొలిన్ కొత్తగా పట్టుకున్నప్పుడు వచ్చే చప్పుడు తెలుసు కదా, ఆ చప్పుడు చేసే హక్కు అన్నమాట. నాకు ఆ పేరు భలే నచ్చింది.

ఊరు రెండుగా చీలింది. చీలిక ఎక్కడ పడిందో ఊహించగలరు. తెల్ల కుటుంబాల్లో ఎక్కువమంది అమ్మయ్య అనుకున్నారు. వలస కుటుంబాల్లో చాలామందికి కోపం వచ్చింది. అడ్వాన్స్‌డ్ మ్యాథ్స్‌లో ఉన్న పిల్లల్లో 90 శాతం ఆసియన్ పిల్లలే మరి. మేము ఈ బడి చూసి వచ్చాం, ఇప్పుడు ఈ బడిని నీరుగారుస్తారా అన్నది వాళ్ల మాట.

ఇక్కడ నేను రెండు వైపులా మాట్లాడాలి, ఓపిక పట్టండి.

కోపం వచ్చిన తల్లిదండ్రుల్ని పిచ్చివాళ్లని కొట్టిపారేయడం తేలిక. అమెరికన్ పేపర్లు కొన్ని అదే చేశాయి, "టైగర్ పేరెంట్స్" అని. వాళ్లకి మన లెక్క తెలియదు. ఒక హెచ్-1బీ ఇంట్లో, గ్రీన్ కార్డు క్యూలో ఒక్కో దేశానికి ఏడు శాతమే కాబట్టి ఇండియాలో పుట్టినవాళ్లు ఏళ్ల తరబడి నిలబడి ఉంటారు. అక్కడ పుట్టి చిన్నప్పుడే ఇక్కడికొచ్చిన పిల్లకి 21 ఏళ్లు నిండితే హెచ్-4 ఉండదు. స్టూడెంట్ వీసాకి మారాలి, లేదా సొంతంగా ఇంకో దారి వెతుక్కోవాలి. ఆ ఇంట్లో మార్కు అంటే ఉట్టి మార్కు కాదు. మంచి కాలేజీ, స్కాలర్‌షిప్, రేపొక ఉద్యోగం, ఆ ఉద్యోగం వల్ల వీసా. మావాడికి నాలుగో తరగతిలో లెక్కలు తీసేశారంటే ఆ తండ్రికి వినపడేది నిచ్చెనలో ఒక మెట్టు తీసేశారని. పైగా ఆ మెట్టు ఉచితంగా దొరికేది. బడిలో తీసేస్తే డబ్బున్నవాళ్లు సాయంత్రం ట్యూషన్‌లో కొనుక్కుంటారు. గ్యాస్ స్టేషన్లో పనిచేసే మన తమ్ముడు కొనుక్కోలేడు. ఇది న్యాయమైన ప్రశ్నే.

కానీ ఆ తగువు గురించి చదివిన ప్రతిసారీ నాకు ఒకటే గుచ్చుకుంటుంది. పెద్దవాళ్లందరం లెక్కల క్లాసు గురించి కొట్టుకున్నాం. పిల్లలు రాసిన వాక్యం గురించి ఎంతమందిమి మాట్లాడాం? ఆ డిస్ట్రిక్ట్‌లో ముగ్గురిలో ఇద్దరు మన ఆసియన్ ఇళ్ల పిల్లలే అయినప్పుడు, ఆ సర్వే రాసినవాళ్లలో ఎక్కువమంది ఎవరింటివాళ్లు? మన డైనింగ్ టేబుల్ దగ్గర చెప్పలేని మాటని పిల్లలు బడి ఇచ్చిన ఫారంలో రాశారు. దాన్ని మనం ఎవరో తెల్లవాళ్ల కుట్రలా చదివాం.

ఇంకో వైపు. సర్వే అనేది నొప్పి ఎక్కడుందో చెబుతుంది. మందు ఏమిటో చెప్పదు. పాయింట్ల గోల భరించలేకపోతున్నాం అని పిల్లవాడు రాశాడనుకోండి, దానికి జవాబు ఫైనల్ పరీక్ష తీసేయడమా, రీటెస్ట్ పెట్టడమా, రోజూ పోర్టల్లో గ్రేడు కనపడకుండా చేయడమా? లేక ఒకే రాత్రి నాలుగు సబ్జెక్టుల ప్రాజెక్టులు పడకుండా టీచర్లు ముందే మాట్లాడుకోవడమా? ఇది తేలాలంటే మళ్లీ పిల్లల దగ్గరికే వెళ్లాలి. మీరిలా అన్నారు, మేమిలా అర్థం చేసుకున్నాం, ఇది చేద్దామనుకుంటున్నాం, సరేనా అని. ఏ డిస్ట్రిక్ట్ అయినా ఈ రెండో రౌండ్ చేయకుండా ప్లాన్ రాస్తే, అందులో సగం పెద్దవాళ్లు ముందే అనుకున్నదే ఉంటుంది. పిల్లల సర్వేని దానికి సాక్ష్యంగా అతికిస్తారు. మా పక్క ఒక బడిలో, పేరెందుకు లెండి, పిల్లలు బాత్‌రూమ్‌లు తాళం వేసి ఉంచుతున్నారని మొర పెట్టుకుంటే, ప్లాన్‌లో వచ్చింది గోడల మీద ప్రోత్సాహ పోస్టర్లు. మరుసటి ఏడాది సర్వేలో పిల్లలు అన్నిటికీ మూడో ఆప్షన్ కొట్టి పది నిమిషాల్లో బయటికొచ్చేశారు. అడిగి ఏమీ చేయకపోతే పిల్లలు ఒక్కసారే మోసపోతారు. రెండోసారి నిజం చెప్పరు.

మరి మనమేం చూడాలి? మీ డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో ఫలితాలు పెడితే ముందు సగటు చూడకండి. 78 శాతం మంది సంతోషం అని ఉంటుంది, చదివి ఊరుకుంటాం. ఎంతమంది నింపారో చూడండి. తర్వాత విడగొట్టిన అంకెలు చూడండి: ఏ తరగతి, ఆడపిల్లలా మగపిల్లలా, ఏ వర్గం. ఐదో తరగతిలో "నా మాట వినే పెద్దవాళ్లున్నారు" అన్నవాళ్లు ఎక్కువ ఉండి, ఎనిమిదో తరగతికి అది పడిపోయిందంటే, మధ్యలో ఏదో జరిగింది. కిందటేటితో పోల్చండి. చివర్లో, ప్లాన్ ఉంటుంది కదా, అందులో రాసిన పనికీ పిల్లలు చెప్పిన మాటకీ లంకె ఉందా అని వేలుపెట్టి చూడండి. ఉద్యోగంలో బగ్ రిపోర్టుకీ రిలీజ్ నోట్సుకీ లంకె చూస్తాం కదా, అంతే పని.

భయాల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే వాట్సాప్‌లో అడిగేవాళ్లున్నారు. "అన్నా, ఈ సర్వేలో ఏదైనా రాస్తే మన వీసాకి ఏమన్నా అవుతుందా?" బడి సర్వే ఇమిగ్రేషన్‌కి సంబంధించింది కాదు. బడి మీ స్టేటస్‌తో నిమిత్తం లేకుండా పిల్లల్ని చేర్చుకోవాలని సుప్రీం కోర్టు 1982లోనే ప్లైలర్ కేసులో చెప్పింది. ఇక ప్రశ్నల సంగతి. పీపీఆర్ఏ అని 1978 నాటి ఫెడరల్ చట్టం ఉంది. మానసిక సమస్యలు, మతం, ఇంటి ఆదాయం, రాజకీయాలు, కుటుంబ సభ్యుల మీద విమర్శ, ఇలాంటి ఎనిమిది విషయాల మీద సర్వే చేయాలంటే బడి మీకు ముందుగా చెప్పాలి. ప్రశ్నలు చూపించమని అడగొచ్చు. వద్దంటే పిల్లల్ని మినహాయించమనొచ్చు. ఫెడరల్ విద్యాశాఖ డబ్బుతో తప్పనిసరిగా చేసే సర్వే అయితే ముందే మీ రాతపూర్వక అనుమతి కావాలి.

ఒక్క మాట మాత్రం పిల్లలకి ముందే చెప్పండి. "అనానిమస్" వేరు, "కాన్ఫిడెన్షియల్" వేరు. మొదటిదాంట్లో ఎవరు రాశారో ఎవరికీ తెలియదు. రెండోదాంట్లో సర్వే కంపెనీకో, డిస్ట్రిక్ట్ ఆఫీసుకో తెలుస్తుంది, టీచర్‌కి చూపించరు. స్టూడెంట్ ఐడీతో లాగిన్ అయితే అది రెండో రకం అనుకోవాలి. పిల్లవాడు తనకి తాను హాని చేసుకుంటానని రాస్తే, పేరు తెలిసే సర్వేలో బడి ఇంటికి ఫోన్ చేస్తుంది. చేయాలి కూడా. ఆ ఫోన్ వస్తే పరువు పోయిందనుకోకండి. ఫోన్ చేసినవాళ్ల మీద అరవకండి, ముఖ్యంగా పిల్ల మీద అరవకండి. 988 నంబర్ ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, కాల్ చేయొచ్చు, మెసేజ్ పెట్టొచ్చు. ఫోన్ చేస్తే ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగొచ్చు.

నేను బోర్డు మీటింగ్‌కి వెళ్లింది రెండేళ్ల క్రితం మొదటిసారి. ఓటు హక్కు లేదు కదా, నాకేం పని అనుకునేవాణ్ని. ఓటుకి సిటిజన్‌షిప్ కావాలి, మైకుకి అక్కర్లేదు. న్యూజెర్సీలో బోర్డు ప్రతి మీటింగ్‌లోనూ జనం మాట్లాడటానికి కొంత సమయం కేటాయించి తీరాలి. మిగతా రాష్ట్రాల్లో ఉన్నవాళ్లు మీ బోర్డు అజెండాలో "పబ్లిక్ కామెంట్" అన్న మాట వెతకండి. నాకు మూడు నిమిషాలిచ్చారు. చేతులు వణికాయి, ఇంగ్లీషు తడబడింది. మిడిల్ స్కూల్ సర్వే ఫలితాల మీద మీ ప్లాన్ పిల్లలకి మళ్లీ చూపించారా అని ఒక్కటే అడిగా. చూపించలేదన్నారు. మీటింగ్ మినిట్స్‌లో రాసుకున్నారు. ఏప్రిల్లో ఎనిమిదో తరగతి పిల్లలు ఓ పన్నెండు మందితో ఒక మధ్యాహ్నం కూర్చున్నారని తర్వాత తెలిసింది. అందులో మా అమ్మాయి ఉందో లేదో నాకు తెలియదు. అడిగితే "అది కూడా ప్రైవేట్" అంది, ఈసారి నవ్వుతూ.

ఇంగ్లీషు ఇబ్బంది ఉన్నవాళ్లు, ఊరి నుంచి వచ్చి మనవల్ని చూసుకుంటున్న అమ్మమ్మలు, తాతయ్యలు ఉంటే వాళ్లు కూడా ఒకటి తెలుసుకోండి. ఫెడరల్ డబ్బు తీసుకునే బడి, ఇంగ్లీషు సరిగా రాని తల్లిదండ్రులకి ముఖ్యమైన విషయాలు అర్థమయ్యే భాషలో చెప్పాలి. తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని ఆఫీసుకి రాతపూర్వకంగా అడగండి, నాలుగు రోజుల ముందు అడగండి. పిల్లల్నే తర్జుమా చేయమనకండి, పాపం, వాళ్ల మీద వాళ్లే చెప్పుకోవాల్సి వస్తుంది.

మీ డిస్ట్రిక్ట్‌లో సర్వే ఫలితాలు ఎక్కడ పెట్టారో, ప్లాన్‌లో ఏం రాశారో చూసి నాకు పంపండి. టెక్సస్, కాలిఫోర్నియా, ఒహాయో, నార్త్ కరోలినా వాళ్లు ముఖ్యంగా. ఒక్కో రాష్ట్రంలో ఒక్కో పద్ధతి. ఓ పది వస్తే వాటి మీద ఇంకో ఎపిసోడ్ చేద్దాం. పిల్లల పేర్లు మాత్రం రాయకండి. వచ్చే వారం ఇండియాకి డబ్బు పంపడం, రేట్లు, ఛార్జీల గురించి. ఉంటానండి.